రోడ్డు మీద నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, అమెరికా రాష్ట్రాల చట్టాలు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు పనులు పక్కన పెట్టి వచ్చినందుకు సంతోషం. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది ముందు వరసల్లో ఉన్నారు. మీరు ఉండటం మరీ మంచిదైంది. ఈ దేశంలో మన తెలుగు ఇళ్లలో రోజూ కాలినడకన రోడ్డు మీదికి వెళ్లేది ఎక్కువగా మీరే. మీ తర్వాత మన విద్యార్థులు. కారు కొనేదాకా వాళ్లకు సైకిలే దిక్కు.

ముందు కొన్ని అంకెలు చెప్పక తప్పదు. 2009లో అమెరికాలో వాహనాలు గుద్ది చనిపోయిన పాదచారులు 4,109 మంది. 2022కి వచ్చేసరికి అది 7,500 దాటింది. 2023లో కాస్త తగ్గి 7,314 అయింది. అదే ఏడాది సైకిల్ మీద వెళ్తూ 1,166 మంది చనిపోయారు. ఈ కాలంలో కార్లలో ఎయిర్‌బ్యాగులు పెరిగాయి, ఆటోమేటిక్ బ్రేకులు వచ్చాయి. లోపల కూర్చున్నవాళ్లకు రక్షణ పెరిగింది, బయట నడిచేవాళ్లకు తగ్గింది. చనిపోయిన పాదచారుల్లో నలుగురికి ముగ్గురు చీకటి పడ్డాక చనిపోయినవాళ్లే. బండ్ల ఎత్తు పెరగడం కూడా ఒక కారణం. ముందు భాగం 40 అంగుళాలు దాటి ఉన్న పెద్ద ఎస్‌యూవీలు, పికప్ ట్రక్కులు గుద్దితే మనిషి చనిపోయే అవకాశం పొట్టి కార్లతో పోలిస్తే 45 శాతం దాకా ఎక్కువని ఇన్సూరెన్స్ కంపెనీల పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో లెక్కగట్టింది. కానీ బండి ఎలా తయారుకావాలో చెప్పేది వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం. ఆ విషయం ఇవాళ వదిలేస్తాను.

రోడ్డు మీద ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి, ఎంత వేగంతో వెళ్లాలి, గుద్దితే శిక్ష ఏమిటి అన్నవి రాష్ట్రం రాసే చట్టాలు. చాలాసార్లు మీ సిటీకి కూడా ఆ అధికారం ఉండదు. అందుకే టెక్సస్‌లో ఒక రూలు, న్యూజెర్సీలో ఇంకొకటి, కాలిఫోర్నియాలో మరొకటి. వీటిలో ఏది చదివినా ఒక్క ప్రశ్న వేసుకోండి: బాధ్యత ఎవరి మీద పెట్టారు? రెండు టన్నుల బండి నడిపే మనిషి మీదా, ఏ రక్షణా లేకుండా దాటే మనిషి మీదా? ఎదుటి మనిషి ప్రాణం తీయగలిగినవాళ్ల మీదే ఎక్కువ బాధ్యత ఉండాలని నా నమ్మకం. రాష్ట్రాలు నెమ్మదిగా అటువైపే కదులుతున్నాయి. చాలా నెమ్మదిగా.

క్రాస్‌వాక్‌తో మొదలుపెడదాం. క్రాస్‌వాక్ అంటే నడిచేవాళ్లు రోడ్డు దాటే చోటు. తెల్ల గీతలు గీసి ఉంటేనే క్రాస్‌వాక్ అని మనలో చాలామంది అనుకుంటారు. దాదాపు అన్ని రాష్ట్రాల చట్టాల్లోనూ, రెండు రోడ్లు కలిసే చోట గీతలు లేకపోయినా సైడ్‌వాక్, అంటే రోడ్డు పక్కనుండే నడకదారి, దాని కొనసాగింపుగా ఒక క్రాస్‌వాక్ ఉన్నట్టే లెక్క. అక్కడ దాటుతున్న మనిషికి కారు దారి ఇవ్వాలి. ఈ సంగతి డ్రైవర్లకు తెలియదు, నడిచేవాళ్లకూ తెలియదు. డ్రైవింగ్ పరీక్ష కోసం బట్టీపట్టినవాళ్లు కూడా లైసెన్స్ చేతికొచ్చిన వారానికే మరిచిపోతారు.

దారి ఇవ్వడంలో మళ్లీ తేడాలున్నాయి. కొన్ని రాష్ట్రాల్లో వేగం తగ్గించి, మనిషిని వెళ్లనిస్తే సరిపోతుంది. కొన్నింటిలో పూర్తిగా ఆగాల్సిందే. న్యూజెర్సీలో 2010 ఏప్రిల్ 1 నుంచి, క్రాస్‌వాక్‌లో మనిషి ఉంటే బండి ఆపాలి, ఆ మనిషి దాటేదాకా ఆపే ఉంచాలి. తప్పితే 200 డాలర్ల జరిమానా, లైసెన్స్ మీద రెండు పాయింట్లు, 15 రోజుల సామాజిక సేవ. ఆగడానికీ నెమ్మదించడానికీ తేడా డ్రైవరు సీట్లోంచి చిన్నగా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులతో మెల్లగా దాటే మనిషికి అది పెద్ద తేడా. తన వైపే కదులుతూ వస్తున్న కారు ఆగుతుందో లేదో ఆ మనిషికి తెలిసే దారి లేదు.

టెక్సస్ 2021లో ఇంకో అడుగు వేసింది. హ్యూస్టన్ పక్కనున్న ఒక పట్టణంలో, చిన్న కొడుకుని బడికి నడిపించుకెళ్తున్న ఒక తల్లిని క్రాస్‌వాక్‌లోనే కారు గుద్దింది. ఆమె చనిపోయింది. పిల్లవాడికి తీవ్రమైన గాయాలయ్యాయి. అప్పుడున్న చట్టంలో డ్రైవరు మీద గట్టి కేసు పెట్టే వీల్లేకపోయింది. కుటుంబం ఊరుకోలేదు. ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి, క్రాస్‌వాక్‌లో ఉన్న పాదచారిని గానీ సైకిల్ మనిషిని గానీ నేరపూరిత నిర్లక్ష్యంతో గుద్ది గాయపరిస్తే అది నేరం. గాయం తీవ్రమైతే అది ఫెలనీ, అంటే జైలుకు పంపే పెద్ద నేరం. పిల్లల్ని బడికి నడిపించే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన చట్టం ఇది.

ఇక్కడే పెద్దవాళ్లకు రెండు మాటలు. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి కాబట్టి, రోడ్డు దాటేముందు మన చూపు తనకు తానే ముందు కుడివైపు వెళ్తుంది. ఇక్కడ మొదటి ప్రమాదం ఎడమవైపు నుంచి వస్తుంది. ముందు ఎడమకు చూడండి, తర్వాత కుడికి, అడుగు వేసేముందు మళ్లీ ఎడమకు. రెండోది, సైడ్‌వాక్ లేని రోడ్డు మీద నడవాల్సి వస్తే, వచ్చే కార్లు మీకు ఎదురుగా కనిపించేలా ఎడమ అంచున నడవాలని చాలా రాష్ట్రాల చట్టం. సైకిల్‌కు దీనికి పూర్తిగా వ్యతిరేకం. కార్లు ఏ దిక్కుకు వెళ్తాయో అదే దిక్కుకు, కుడి పక్కన వెళ్లాలి. ఎదురు దిక్కులో సైకిల్ తొక్కే విద్యార్థులు చాలామంది కనిపిస్తుంటారు. పక్క వీధిలోంచి తిరిగే డ్రైవరు ఆ వైపు చూడనే చూడడు.

ఎర్ర లైటు దగ్గర కుడికి తిరగడం గురించి కూడా చెప్పాలి. చమురు సంక్షోభం తర్వాత, 1975లో కేంద్రం ఇంధనం ఆదా కోసం తెచ్చిన చట్టంలో, రాష్ట్రాలు దీన్ని అనుమతిస్తేనే ఆ పథకం కింద డబ్బు ఇస్తామని షరతు పెట్టింది. కొద్ది ఏళ్లలోనే దేశమంతా పాకింది. బండి ఆగి ఉన్నప్పుడు కాలే పెట్రోలు కోసం తెచ్చిన రూలు అది, నడిచేవాళ్ల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కుడికి తిరగబోయే డ్రైవరు మెడ ఎడమకు తిప్పి కార్ల మధ్య సందు కోసం వెతుకుతుంటాడు. అదే క్షణంలో కుడివైపు నుంచి, నడిచేవాళ్లు దాటొచ్చని చెప్పే వాక్ గుర్తు చూసుకుని, మనిషి దాటుతుంటాడు. న్యూయార్క్ నగరంలో బోర్డు పెట్టి అనుమతిస్తే తప్ప ఎర్ర లైటుకు కుడికి తిరగకూడదు. మిగతా చోట్ల, వాక్ గుర్తు వచ్చినా ముందు ఆ డ్రైవరు కళ్లు మీ వైపు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇప్పుడు జేవాకింగ్. క్రాస్‌వాక్ కాని చోట దాటితే నేరం అనే ఆలోచన 1920లలో బలపడింది. లాస్ ఏంజెలెస్ 1925లో చేసిన నిబంధనలు చాలా ఊళ్లకు నమూనా అయ్యాయి. అంతకుముందు వీధి అందరిదీ. ఆ తర్వాత అది కార్లదైంది, నడిచేవాళ్లు అనుమతి అడగాల్సినవాళ్లయ్యారు.

ఈ ఆలోచన ఎంతదాకా తీసుకెళ్తుందో ఒక కేసు చెబుతాను. 2010లో జార్జియా రాష్ట్రం, మారియెట్టా. రాత్రిపూట ఒక తల్లి పిల్లలతో బస్సు దిగింది. ఆమె అపార్ట్‌మెంట్ రోడ్డుకు సరిగ్గా అవతల ఉంది. దగ్గర్లో ఉన్న క్రాస్‌వాక్‌కు మైలులో మూడో వంతు నడవాలి, దాటాక అంతే దూరం వెనక్కి రావాలి. బస్సు దిగిన మిగతావాళ్లలాగే ఆమె కూడా అక్కడే దాటింది. మధ్యలో ఉన్న డివైడర్ దగ్గర నాలుగేళ్ల కొడుకు చెయ్యి విడిపించుకుని ముందుకెళ్లాడు. కారు గుద్దింది, పిల్లవాడు చనిపోయాడు. గుద్ది ఆగకుండా వెళ్లిపోయిన డ్రైవరు ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. తల్లి మీద కూడా కేసు పెట్టారు. 2011లో జ్యూరీ ఆమెను దోషి అంది. మూడేళ్ల దాకా జైలు పడే పరిస్థితి వచ్చింది. దేశమంతా గగ్గోలెత్తాక జడ్జి ఆమెకు జైలు లేకుండా ప్రొబేషన్ ఇచ్చి, కావాలంటే మళ్లీ విచారణ కోరుకోవచ్చన్నారు. బస్ స్టాప్ అక్కడ పెట్టినవాళ్లను, దాని ముందు క్రాస్‌వాక్ పెట్టనివాళ్లను ఎవరూ బోను ఎక్కించలేదు. ఈ కేసు తలుచుకున్నప్పుడల్లా నాకు కోపమే వస్తుంది.

మార్పు వర్జీనియాలో మొదలైంది. 2021 మార్చి 1 నుంచి అక్కడ జేవాకింగ్ అన్న ఒక్క కారణంతో పోలీసులు మనిషిని ఆపకూడదు. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి, గుద్దుకునే ప్రమాదం అప్పటికప్పుడు ఉందని మామూలు జాగ్రత్త ఉన్న ఎవరికైనా తెలిసే పరిస్థితిలో దాటితేనే టికెట్. న్యూయార్క్ నగర కౌన్సిల్ 2024లో జేవాకింగ్‌ను నేరాల జాబితా నుంచి తీసేసింది. అంతకుముందు ఏడాది అక్కడ ఇచ్చిన జేవాకింగ్ టికెట్లలో 90 శాతం పైగా నల్లజాతి, లాటినో ప్రజలకే వెళ్లాయి. ఆ ఒక్క అంకె చాలు, ఆ చట్టం భద్రత కోసం పనిచేయలేదని చెప్పడానికి. టికెట్ లేదంటే ఎక్కడ పడితే అక్కడ దాటమని కాదు. చూసుకుని దాటే బాధ్యత మన మీద ఉంటూనే ఉంది.

ఇక వేగం. నన్నడిగితే మిగతా చట్టాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఏఏఏ ఫౌండేషన్ లెక్కల ప్రకారం గంటకు 23 మైళ్ల వేగంతో గుద్దిన కారు కింద పాదచారి చనిపోయే అవకాశం సగటున 10 శాతం. 32 మైళ్లకు 25 శాతం. 42 మైళ్లకు 50 శాతం. 50 మైళ్లకు 75 శాతం. 25 బోర్డు ఉన్న వీధిలో 32తో వెళ్లడం మనకు తప్పుగా కూడా అనిపించదు, అందరూ అలాగే వెళ్తారు. కానీ ఆ కాస్త తేడాలోనే చావు అవకాశం రెట్టింపు పైన అవుతోంది. 70 ఏళ్ల మనిషికి ఈ అంకెలు ఇంకా ఘోరంగా ఉంటాయి.

స్పీడ్ లిమిట్ ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. చాలా రాష్ట్రాల్లో ఇంజనీర్లు రోడ్డు పక్కన నిలబడి వెళ్లే కార్ల వేగం కొలుస్తారు. నూటికి 85 కార్లు ఏ వేగానికి లోపల ఉన్నాయో చూసి, దానికి దగ్గరగా లిమిట్ పెడతారు. అంటే నడిపేవాళ్లే తమకు లిమిట్ రాసుకుంటున్నారు. అందరూ ఇంకాస్త వేగంగా నడిపితే, తర్వాతి సర్వేలో లిమిట్ ఇంకాస్త పెరుగుతుంది. ఆ రోడ్డు పక్కన బడి ఉందా, ముసలివాళ్లు దాటుతారా అన్నది ఈ లెక్కలో వెనక్కి పోతుంది. కాలిఫోర్నియాలో సిటీలు తగ్గించాలనుకున్నా రాష్ట్ర చట్టం ఒప్పుకునేది కాదు. 2021లో ఏబీ 43 అనే బిల్లు ఆ కట్టు కొంత వదులు చేసింది. దుకాణాలుండే వీధుల్లో, ప్రమాదాలు ఎక్కువ జరిగే రోడ్ల మీద సిటీలు లిమిట్‌ను 5 మైళ్లు తగ్గించుకునే వీలొచ్చింది.

బోర్డు మార్చితే ఏమవుతుంది, ఎవరు చూస్తారు అంటారు. మసాచుసెట్స్ రాష్ట్రం అనుమతి ఇచ్చాక బోస్టన్ 2017 జనవరిలో లిమిట్‌ను 30 నుంచి 25కి తగ్గించింది. తర్వాత ఐఐహెచ్ఎస్ వాళ్లు చూస్తే, కారు 35 మైళ్లు దాటి వెళ్లే అవకాశం 29 శాతం తగ్గింది. మరీ దూకుడుగా పోయేవాళ్లే తగ్గారన్నమాట.

న్యూయార్క్ సంగతి వింటే రాష్ట్రం చేతిలో ఎంత ఉందో అర్థమవుతుంది. 80 లక్షలకు పైగా జనం ఉన్న ఆ నగరం తన వీధుల్లో లిమిట్ 25 నుంచి 20కి తగ్గించాలన్నా ఆల్బనీలో ఉన్న రాష్ట్ర శాసనసభ అనుమతించాల్సి వచ్చింది. 2013లో బ్రూక్లిన్‌లో తన ఇంటి ముందే 12 ఏళ్ల సామీ అనే పిల్లవాణ్ణి వ్యాను గుద్దింది. అతని తల్లి, అలాగే బిడ్డల్ని పోగొట్టుకున్న ఇతర కుటుంబాలు ఏళ్ల తరబడి ఆల్బనీ మెట్లెక్కాయి. బిల్లు సెనేట్ దాటేది, అసెంబ్లీలో ఆగిపోయేది. 2023లో ఆ తల్లి శాసనసభ భవనంలో నిరాహార దీక్షకు కూర్చుంది. అయినా ఆ ఏడాది కాలేదు. 2024లో బడ్జెట్‌తో కలిపి ఆమోదించారు. దాన్ని సామీస్ లా అంటారు. పిల్లవాడు పోయిన పదేళ్లు దాటాక, ఒక నగరానికి ఐదు మైళ్లు తగ్గించుకునే హక్కు దొరికింది.

కెమెరాల విషయమూ అంతే. స్పీడ్ కెమెరా పెట్టాలంటే చాలా చోట్ల రాష్ట్ర చట్టం ఒప్పుకోవాలి. కాలిఫోర్నియా 2023లో ఆరు నగరాలకు మాత్రమే ప్రయోగంగా అనుమతించింది: లాస్ ఏంజెలెస్, శాన్ హోసే, ఓక్‌లాండ్, గ్లెండేల్, లాంగ్ బీచ్, శాన్ ఫ్రాన్సిస్కో. శాన్ ఫ్రాన్సిస్కోలో 2025 మార్చిలో 33 కెమెరాలు మొదలయ్యాయి. లిమిట్ కన్నా 11 మైళ్లు ఎక్కువ పోతేనే జరిమానా, అది 50 డాలర్ల నుంచి. జరిమానా చిన్నదైనా, తప్పకుండా పడుతుందన్న భయం మనిషిని మారుస్తుంది.

సైకిల్ చట్టాలకు వద్దాం. సైకిల్‌ను దాటేటప్పుడు కారు కనీసం మూడడుగుల దూరం ఉంచాలన్న చట్టం 1973లో విస్కాన్సిన్‌లో మొదలైంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. పెన్సిల్వేనియాలో నాలుగడుగులు. కాలిఫోర్నియా 2014లో మూడడుగులతో మొదలుపెట్టి, 2023 నుంచి వీలైన చోట ఏకంగా పక్క లేన్‌లోకి మారి దాటాలని చెప్పింది. న్యూజెర్సీలో 2022 మార్చి నుంచి లేన్ మారాలి. కుదరకపోతే నాలుగడుగులు వదలాలి. అదీ కుదరకపోతే వేగాన్ని 25 మైళ్లకు తగ్గించి, ఆగడానికి సిద్ధంగా ఉండాలి. సైకిల్‌తో పాటు రోడ్డు మీద నడిచేవాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. టెక్సస్‌లో ఇలాంటి బిల్లు 2009లో రెండు సభలూ దాటింది, గవర్నరు వీటో చేశారు.

మూడడుగులు ఎవరు కొలుస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. టెనెస్సీ రాష్ట్రంలో చట్టనూగా అనే నగరం పోలీసులు 2015లో సైకిల్ హ్యాండిల్‌కు అల్ట్రాసోనిక్ పరికరం కట్టుకుని కొలవడం మొదలుపెట్టారు. అలా కొలిచే పోలీసులు ఎక్కడో తప్ప లేరు. లేన్ మారాలన్న రూలు మేలని నేననేది అందుకే. లేన్ మారాడా లేదా అన్నది ఎవరి కంటికైనా తెలుస్తుంది.

ఇంకో చట్టం ఉంది, మొదటిసారి వింటే వింతగా ఉంటుంది. ఐడహోలో 1982 నుంచి సైకిల్ మీద వెళ్లేవాళ్లు స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగక్కర్లేదు. నెమ్మదించి, ఎవరూ లేకపోతే వెళ్లిపోవచ్చు. ఎవరైనా ఉంటే దారి ఇవ్వాలి. 35 ఏళ్లపాటు ఐడహో ఒక్కటే. 2017లో డెలావేర్ చేరింది, తర్వాత ఆర్కన్సా, ఒరెగాన్, వాషింగ్టన్, యూటా, కొలరాడో, మిన్నెసోటా ఇలా ఒక్కొక్కటీ వచ్చాయి. ఆగిన సైకిల్ మళ్లీ కదలడానికి సమయం పడుతుంది, తూలుతుంది, కూడలి మధ్యలో ఎక్కువసేపు ఉండాల్సి వస్తుంది. ఎంత త్వరగా అక్కణ్ణుంచి బయటపడితే అంత మంచిది. డెలావేర్‌లో చట్టం వచ్చాక 30 నెలలు, ముందు 30 నెలలు పోల్చితే స్టాప్ సైన్ల దగ్గర సైకిల్ ప్రమాదాలు 23 శాతం తగ్గాయి. అయితే విద్యార్థులూ, ఇది అన్ని రాష్ట్రాల్లో లేదు. కాలిఫోర్నియా గవర్నరు 2021లో దీన్ని వీటో చేశారు. మీ రాష్ట్రం పేరు చూసుకోకుండా వాడకండి.

మూలమలుపు దగ్గర పార్కింగ్ గురించి త్వరగా చెబుతాను. క్రాస్‌వాక్‌కు ఆనుకుని కారు నిలిపితే దాటే పిల్లవాడు డ్రైవరుకు కనిపించడు. కాలిఫోర్నియాలో క్రాస్‌వాక్‌కు ముందు 20 అడుగుల దాకా పార్క్ చేయకూడదు, 2025 జనవరి నుంచి టికెట్లు ఇస్తున్నారు. న్యూజెర్సీలో 25 అడుగులు అని ఎప్పటినుంచో ఉంది. అక్కడి హోబోకెన్ నగరం దాన్ని కాగితం మీద వదిలేయకుండా, మూలల దగ్గర స్తంభాలు, పూల కుండీలు, సైకిల్ స్టాండ్లు పెట్టి కార్లు ఆగకుండా చేసింది. 2017 తర్వాత ఏడేళ్లకు పైగా ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్క ప్రాణం పోలేదు. పార్కింగ్ దొరకడం లేదని విసుక్కునే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

చాలామందికి ప్రమాదం జరిగాక గానీ తెలియని విషయం ఇంకొకటి ఉంది. అలబామా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో నష్టపరిహారం చట్టం చాలా కఠినం. కారు గుద్దినప్పుడు, నడిచే మనిషి తప్పు ఒక్క శాతం ఉందని తేలినా సాధారణంగా పరిహారం మొత్తం పోతుంది. ఆసుపత్రి బిల్లు వేలల్లో, లక్షల్లో ఉంటే టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాషింగ్టన్ డీసీ 2016లో పాదచారులకూ సైకిల్ వాళ్లకూ ఈ నియమం మార్చింది. వర్జీనియా, నార్త్ కరోలినాల్లో మన జనం చాలామంది ఉన్నారు. అక్కడ ఏదైనా జరిగితే, ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేసి తియ్యగా మాట్లాడినా, లాయరును అడగకుండా తప్పు నాదే అన్న మాట నోటినుంచి రానివ్వకండి.

మనకు ఓటు లేదు, గ్రీన్ కార్డే రాలేదు, మన మాట ఎవరు వింటారు అని చాలామంది అంటుంటారు. రాష్ట్ర శాసనసభ కమిటీ ముందు మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, విద్యార్థులు, ఎవరైనా ఆ బిల్లుకు అనుకూలమో వ్యతిరేకమో చెప్పొచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంట్లో కూర్చుని వీడియోలోనే చెప్పొచ్చు, లేదా పేరు నమోదు చేసి అనుకూలం అని ఒక్క ముక్క రాసినా లెక్కలోకి వస్తుంది. సమయం మాత్రం చూసుకోవాలి. టెక్సస్‌లో శాసనసభ మామూలుగా బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులే కూర్చుంటుంది. ఆ రోజులు దాటిపోతే మీ బిల్లు ఇంకో రెండేళ్లు ఆగాల్సిందే.

మాట్లాడేవాళ్లకు సాధారణంగా రెండు నిమిషాలో మూడు నిమిషాలో ఇస్తారు. ముందు బిల్లు నంబరు, మీ పేరు, మీరుండే ఊరు చెప్పండి. తర్వాత ఒకే ఒక్క రోడ్డు గురించి చెప్పండి: దాని పేరు, ఎన్ని లేన్లు, లిమిట్ ఎంత, బస్ స్టాప్‌కూ క్రాస్‌వాక్‌కూ ఎంత దూరం, మీ ఇంట్లో ఎవరు దాన్ని దాటుతారు. ఆ వివరాలు కమిటీలో ఉన్నవాళ్లకు మీరు చెప్తే తప్ప తెలియవు. ఇంగ్లీషు ఎలా ఉందన్న బెంగ వద్దు, కాగితం చూసి చదివినా అభ్యంతరం లేదు. మాట్లాడిన కాగితాన్నే మీ జిల్లా ప్రతినిధి ఆఫీసుకు ఈమెయిల్ చేయండి. మీ అడ్రసు కొడితే ఆ ప్రతినిధి ఎవరో శాసనసభ వెబ్‌సైట్‌లోనే తెలుస్తుంది. మొదటిసారి బిల్లు ఓడిపోతే మళ్లీ వెళ్లండి, న్యూయార్క్ తల్లిదండ్రులు అలాగే వెళ్లారు.

నేను చెప్పాల్సింది అయింది. మీ రాష్ట్రం ఏదో ముందు చెప్పి, తర్వాత ప్రశ్న అడగండి.